అమ్మ ఫోన్లో ఫ్రీ వీపీఎన్, అదే ఫోన్లో బ్యాంక్ యాప్. నిజంగా ఎంత రిస్క్?

మౌనిక_కె:

అందరికీ హాయ్. మా తమ్ముడు ఏదో గేమ్ కోసం అమ్మ ఫోన్లో ఒక ఫ్రీ వీపీఎన్ వేశాడు, వాడి పని అయిపోయింది, యాప్ మాత్రం అలాగే ఉండిపోయింది. అమ్మ నిన్న "ఇందులో ఊరికే యాడ్స్ వస్తున్నాయి, ఒకసారి చూడవే" అని ఫోన్ ఇస్తే చూశా, పైన బ్యాటరీ పక్కన చిన్న తాళంచెవి గుర్తు ఉంది, అంటే అది ఇన్నాళ్లూ ఆన్‌లోనే ఉందన్నమాట. అమ్మ అదే ఫోన్లో బ్యాంక్ యాప్ వాడుతుంది, ఓటీపీలు దానికే వస్తాయి, ఫ్యామిలీ ఫొటోలన్నీ అందులోనే.

తమ్ముడేమో "అక్కా నువ్వు ప్రతిదానికీ కంగారు పడతావ్, వీపీఎన్ అంటేనే సేఫ్టీ కోసం కదా, దానికి 4.6 రేటింగ్ ఉంది చూస్కో" అంటున్నాడు. యాప్ పేజీలో కూడా మిలిటరీ గ్రేడ్ ఎన్‌క్రిప్షన్, నో లాగ్స్ అని పెద్ద పెద్ద మాటలున్నాయి. వాళ్ల వెబ్‌సైట్ కోసం వెతికితే ఒక్క పేజీ తప్ప ఏం లేదు, కంపెనీ ఎవరిదో, ఎక్కడుందో రాయలేదు, కాంటాక్ట్ అంటే ఒక జీమెయిల్ అడ్రస్ ఇచ్చారు అంతే.

నా డౌట్లు ఇవీ. బ్యాంక్ పాస్‌వర్డ్ వాళ్లు చదివేసి ఉంటారా? అన్‌ఇన్‌స్టాల్ చేస్తే సరిపోతుందా లేక ఫోన్ మొత్తం రీసెట్ చేయాలా? అసలు ఫ్రీగా ఇచ్చి వీళ్లేం సంపాదిస్తారు? తెలిసినవాళ్లు కొంచెం అర్థమయ్యేలా చెప్పండి ప్లీజ్, నాది టెక్ ఫీల్డ్ కాదు.

---

పాత_మోడెమ్:

మౌనిక గారూ, ముందు రీసెట్ ఆలోచన పక్కన పెట్టండి, అంత దాకా అవసరం రాకపోవచ్చు.

పాస్‌వర్డ్ సంగతి. బ్యాంక్ యాప్‌కీ బ్యాంక్ సర్వర్‌కీ మధ్య నడిచేదంతా హెచ్‌టీటీపీఎస్‌లో (సమాచారాన్ని తాళం వేసి పంపే పద్ధతి) ఎన్‌క్రిప్ట్ అయ్యే ఉంటుంది, వీపీఎన్ ఉన్నా లేకపోయినా. కాబట్టి మన ట్రాఫిక్ అంతా తన సర్వర్ గుండా తిప్పుతూ మధ్యలో కూర్చున్న వీపీఎన్ వాడికి కవర్ మీద అడ్రస్ కనిపిస్తుంది గానీ లోపల ఉత్తరం కనిపించదు. అంటే అమ్మగారు ఫలానా బ్యాంక్ యాప్ ఫలానా టైంకి తెరిచారు, ఆ తర్వాత ఫలానా హాస్పిటల్ సైట్ చూశారు, ఇవన్నీ తెలుస్తాయి, పిన్ నంబర్ తెలీదు. దీన్ని తక్కువగా తీసేయకండి, నెలల తరబడి ఒక మనిషి ఏయే సైట్లకి ఎప్పుడెప్పుడు వెళ్లిందో లిస్ట్ ఉంటే ఆ మనిషి గురించి ఇంక తెలుసుకోవాల్సింది పెద్దగా ఏమీ మిగలదు.

ఇక్కడే జనం పొరపాటు పడేది. వీపీఎన్ ఆన్ చేస్తే మన ట్రాఫిక్ ఎవరికీ కనపడదనుకుంటారు. ఇంతకుముందు ఇంటర్నెట్ కనెక్షన్ ఇచ్చిన కంపెనీకి కనపడేది, ఇప్పుడు వీపీఎన్ వాడికి కనపడుతుంది, అంతే తేడా. కనెక్షన్ ఇచ్చే కంపెనీకైనా లైసెన్సూ ఆఫీసూ ఉంటాయి, గొడవైతే అడగడానికి ఒక చోటుంటుంది. మీరు చెప్పిన దానికేమో జీమెయిల్ అడ్రస్ తప్ప దిక్కు లేదు. ఆండ్రాయిడ్‌లో ఏ వీపీఎన్ యాప్ అయినా మొదటిసారి ఆన్ చేసినప్పుడు కనెక్షన్ రిక్వెస్ట్ అని ఒక బాక్స్ వస్తుంది, ఈ యాప్ మీ నెట్‌వర్క్ ట్రాఫిక్‌ని గమనించగలదు, నమ్మకం ఉంటేనే ఒప్పుకోండి అని అందులో స్పష్టంగానే ఉంటుంది, మనవాళ్లు దాన్ని చదవకుండా ఓకే కొట్టేస్తారు.

నో లాగ్స్, అంటే ఎవరేం చూశారో రాసిపెట్టుకోం అన్న మాట ఎవడైనా రాసుకోవచ్చు. 2020 జులైలో యూఎఫ్‌ఓ వీపీఎన్ అనే ఫ్రీ సర్వీస్‌ది, దానితో పాటు హాంకాంగ్ కేంద్రంగా నడిచే ఇంకొన్ని యాప్‌లదీ డేటాబేస్ ఇంటర్నెట్‌లో పాస్‌వర్డ్ కూడా లేకుండా తెరిచి ఉందని బయటపడింది. అన్నీ లాగ్స్ పెట్టం అని చెప్పుకునేవే. యూజర్ల ఐపీ అడ్రస్‌లు (ఇంటర్నెట్‌లో మన కనెక్షన్‌ని గుర్తుపట్టే నంబర్లు), కనెక్ట్ అయిన టైములు, ఏ ఫోనో, చివరికి అకౌంట్ పాస్‌వర్డులు కూడా మామూలు టెక్స్ట్‌లో ఉన్నాయి. లాగ్స్ లేకపోతే అవన్నీ ఎక్కడి నుంచి ఊడిపడ్డాయి మరి?

మిలిటరీ గ్రేడ్ అంటే మామూలుగా ఏఈఎస్ 256 అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతి అని అర్థం, బ్రౌజర్లలో కూడా అది ఎప్పట్నుంచో ఉంది, అందులో గొప్పేం లేదు. పైగా అదైనా నిజంగా వాడుతున్నారో లేదో చూడాలి. ఆస్ట్రేలియాలోని సీఎస్‌ఐఆర్‌ఓ వాళ్లు ఇంకొన్ని యూనివర్సిటీలతో కలిసి 283 ఆండ్రాయిడ్ వీపీఎన్ యాప్‌లని పరీక్షించి 2016లో పేపర్ వేశారు. 18% యాప్‌లు అసలు ఎన్‌క్రిప్షనే చేయట్లేదు, 84% ఐపీవీ6 (కొత్త రకం ఐపీ అడ్రస్‌లు) ట్రాఫిక్‌ని వీపీఎన్ టనెల్ బయట వదిలేస్తున్నాయి, 66% డీఎన్‌ఎస్ (ఏ సైట్ ఎక్కడుందో ఫోన్ అడిగే ప్రశ్నలు) లీక్ చేస్తున్నాయి, 38% యాప్‌లలో మాల్వేర్ జాడ ఉన్నట్టు వైరస్‌టోటల్ అనే వైరస్ స్కానర్ చూపించింది. పాత పేపరే, ఇప్పటి యాప్‌లు వేరు, ఒప్పుకుంటా. కానీ 2025లో సిటిజన్ ల్యాబ్ పరిశోధకులు కూడా ఇంచుమించు ఇలాంటి కంపే బయటికి తీశారు, వేర్వేరు కంపెనీల పేర్లతో ప్లే స్టోర్‌లో ఉన్న వీపీఎన్‌లు లోపల చూస్తే మూడే కుటుంబాలని, అన్నీ కలిపి 70 కోట్లకు పైగా డౌన్‌లోడ్లు ఉన్నాయని, చాలావాటిలో ఎన్‌క్రిప్షన్‌కి వాడే పాస్‌వర్డ్ యాప్ కోడ్‌లోనే రాసిపెట్టి ఉందని తేల్చారు. ఆ పాస్‌వర్డ్ ఒకసారి బయటికి తీసినవాడికి, మన ట్రాఫిక్ చేతికి దొరికితే, పైన ఉన్న ఆ పొర విప్పుకోవడం పెద్ద పని కాదు. పబ్లిక్ వైఫైలో సేఫ్‌గా ఉండాలనే కదా చాలామంది దాన్ని వేసుకునేది!

రేటింగ్ గురించి కూడా ఒక మాట. ఆ 2016 పేపర్‌లోనే నెగటివ్ రివ్యూలు చూస్తే సెక్యూరిటీ గురించి మాట్లాడినవి 1% కూడా లేవు. జనం స్పీడ్ బాగుంటే 5 స్టార్లు ఇస్తారు, అంతకు మించి వాళ్లకి మాత్రం ఏం కనపడుతుంది చెప్పండి.

---

బిందాస్_బ్రో:

ఇంత సీన్ అవసరమా అన్నా? నేను కాలేజీ నుంచీ ఫ్రీ వీపీఎన్‌లే వాడుతున్నా, ఒకటి స్లో అయితే ఇంకోటి వేస్తా, ఇప్పటిదాకా రూపాయి పోలేదు, అకౌంట్ హ్యాక్ అవ్వలేదు. నేను ఏ సైట్లు చూస్తే ఎవడికి కావాలి, వాడు నాకు యాడ్ చూపిస్తే చూపించుకోనీ. నా దగ్గర దాచుకోవాల్సిందేం లేదు బ్రో.

---

ప్యాకెట్_పంతులు:

బిందాస్ తమ్ముడూ, నీ డేటా ఎవడికీ అక్కర్లేదనుకుందాం సరే. నీ ఐపీ అడ్రస్ మాత్రం కావాలి, దానికి మంచి గిరాకీ ఉంది.

ఎలాగో చెప్తా. దొంగ అకౌంట్లు తెరిచేవాడు, దొంగిలించిన కార్డుతో కొనేవాడు డేటా సెంటర్ ఐపీ నుంచి వస్తే సైట్లు ఇట్టే పట్టేస్తాయి. అదే ఒక మామూలు ఇంటి కనెక్షన్ నుంచి వచ్చినట్టు కనిపిస్తే అనుమానం రాదు. అందుకని ఇళ్ల ఐపీలు అద్దెకిచ్చే వ్యాపారం ఒకటి పుట్టింది, రెసిడెన్షియల్ ప్రాక్సీ అంటారు. మరి లక్షల ఇళ్లలోకి దూరడం ఎలా? జనమే ఇష్టపడి ఇన్‌స్టాల్ చేసుకునే వస్తువు ఒకటి కావాలి, ఫ్రీ వీపీఎన్ కంటే మంచి ఎర ఏముంటుంది. నువ్వు వాడి సర్వర్ గుండా బయటికి వెళ్తావ్, ఇంకెవడో నీ ఫోన్ గుండా బయటికి వెళ్తాడు.

ఊహించి చెప్పట్లేదు. 2015లో హోలా అనే ఫ్రీ వీపీఎన్ మీద పెద్ద గొడవే అయింది, యూజర్ల బ్యాండ్‌విడ్త్‌ని ల్యుమినాటి అనే తమ ఇంకో వ్యాపారం ద్వారా డబ్బులకి అమ్ముతున్నారని, ఆ నెట్‌వర్క్ వాడి ఒక వెబ్‌సైట్ మీద దాడి కూడా జరిగిందని అప్పుడే అందరికీ తెలిసింది. ఆ యూజర్లలో ఎంతమందికి తమ కంప్యూటర్ ఇంకొకడికి దారి అయిందని తెలిసి ఉంటుంది?

దానికి తాత 911 ఎస్5 అనే ప్రాక్సీ నెట్‌వర్క్. మాస్క్‌వీపీఎన్, డ్యూవీపీఎన్, పాలడిన్‌వీపీఎన్, షైన్‌వీపీఎన్, ఇలాంటి పేర్లతో ఫ్రీ వీపీఎన్‌లు వదిలారు, కొన్ని పైరసీ సాఫ్ట్‌వేర్‌తో కలిపి కూడా. వాటి వెనకాల బ్యాక్‌డోర్, అంటే కంప్యూటర్‌లోకి దొంగదారి. 2024 మేలో అమెరికా న్యాయశాఖ దాన్ని మూసేసి నడిపినవాడిని అరెస్ట్ చేయించినప్పుడు చెప్పిన లెక్క 190కి పైగా దేశాల్లో 1.9 కోట్ల ఐపీ అడ్రస్‌లు. వాటిని అద్దెకి తీసుకున్నవాళ్లు చేసినవి ఆర్థిక మోసాలు, బాంబు బెదిరింపులు, పిల్లల మీద నేరాలు. ఆ ట్రాఫిక్ అంతా కంప్యూటర్ ఓనర్ ఐపీ మీద నుంచి వెళ్లింది. పోలీసులకి మొదట కనిపించేది ఆ ఐపీయే కదా, వీపీఎన్ వాడిది కాదు. దాచుకోవాల్సిందేం లేదన్నావ్ చూడు, నువ్వు చేయనిదానికి సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వస్తే అప్పుడేం చెప్తావ్?

ఇంకో రకం ఉంది, ఇందులో యాప్ రాసినవాడికే పూర్తిగా తెలియకపోవచ్చు. యాప్‌లో ఈ కోడ్ ముక్క కలుపుకో, యాడ్స్ లేకుండానే డబ్బులొస్తాయి అని డెవలపర్లకి ఎస్‌డీకేలు అంటగడతారు. 2024 మార్చిలో హ్యూమన్ సెక్యూరిటీ వాళ్లు ప్లే స్టోర్‌లో ఇలా ఫోన్‌ని ప్రాక్సీగా మార్చే యాప్‌లు 28 పట్టుకున్నారు, అందులో 17 ఫ్రీ వీపీఎన్‌లే. గూగుల్ తీసేసింది అనుకో. పట్టుకున్నాకే తీసింది.

---

బిందాస్_బ్రో:

అంటే నా ఐపీ మీద నుంచి ఎవడో ఏదో చేసినా నాకు తెలీదా?? ఇప్పుడు అనుమానం వస్తోంది, గూగుల్ తెరిస్తే అప్పుడప్పుడు మీ నెట్‌వర్క్ నుంచి అసాధారణ ట్రాఫిక్ వస్తోంది అని ట్రాఫిక్ లైట్ల బొమ్మలు గుర్తుపట్టమంటుంది. అదేనా ఇది?

---

ప్యాకెట్_పంతులు:

దాన్ని బట్టి వెంటనే తేల్చేయలేం. వీపీఎన్ ఆన్‌లో ఉన్నప్పుడు వస్తే మామూలే, ఒకే ఐపీని వేలమంది వాడుతుంటారు కాబట్టి గూగుల్‌కి అనుమానం వస్తుంది. మొబైల్ డేటాలో కూడా ఒక్కోసారి వస్తుంది, అక్కడా చాలామంది ఒకే ఐపీ వెనక ఉంటారు. వీపీఎన్ ఆపేసి, ఇంటి వైఫైలో ఉన్నా మాటిమాటికీ వస్తుంటే మాత్రం చూడాల్సిందే. అంతకంటే నమ్మకమైన గుర్తు ఇంకోటుంది, సెట్టింగ్స్‌లో యాప్‌వారీ డేటా వాడకం తెరిచి ఆ యాప్ బ్యాక్‌గ్రౌండ్‌లో ఎంత వాడిందో చూడు. వీపీఎన్ ఆఫ్ చేసి పెట్టిన రోజుల్లో కూడా అది జీబీలు జీబీలు మింగుతుంటే ఎవరికోసం మింగుతోందని అడగాలి.

---

మౌనిక_కె:

బాబోయ్ ఇంత ఉందా దీని వెనకాల. థాంక్స్ మోడెమ్ గారూ, పంతులు గారూ. ఇప్పుడే అమ్మ ఫోన్ తెచ్చి యాప్ ఇన్ఫోలో పర్మిషన్లు చూశా. లొకేషన్ ఇచ్చి ఉంది, ఫోన్ అని ఒకటి ఇచ్చి ఉంది, ఇతర యాప్‌ల పైన చూపించడం అని ఒకటి ఆన్‌లో ఉంది. ఇవి వీపీఎన్‌కి ఎందుకు? ఇంకో విషయం, తమ్ముడి ల్యాప్‌టాప్‌లో క్రోమ్‌లో కూడా ఒక ఫ్రీ వీపీఎన్ ఎక్స్‌టెన్షన్ ఉంది, అది యాప్ కాదు కదా, దాంతో ప్రమాదం తక్కువేనా?

---

పాత_మోడెమ్:

తక్కువ కాదండీ, నన్నడిగితే ఎక్కువే. ఫోన్లో వీపీఎన్ యాప్‌కి ఎన్‌క్రిప్ట్ అయిన ట్రాఫిక్ దొరుకుతుంది అని పైన చెప్పాను కదా, ఎక్స్‌టెన్షన్‌కి అన్ని సైట్లలోని డేటా చదవడం, మార్చడం అన్న పర్మిషన్ ఇస్తే అది కూర్చునేది బ్రౌజర్ లోపల, అక్కడ హెచ్‌టీటీపీఎస్ విప్పేసి ఉంటుంది. పేజీ మీద మీకు ఏది కనిపిస్తే దానికీ అదే కనిపిస్తుంది. 2025 ఆగస్టులో కోయ్ సెక్యూరిటీ వాళ్లు ఫ్రీవీపీఎన్.వన్ అనే క్రోమ్ ఎక్స్‌టెన్షన్ సంగతి బయటపెట్టారు, లక్షకు పైగా ఇన్‌స్టాల్స్, క్రోమ్ స్టోర్‌లో ఫీచర్డ్ అని ముద్ర కూడా ఉంది, అది యూజర్ తెరిచిన ప్రతి పేజీకీ చప్పుడు లేకుండా స్క్రీన్‌షాట్ తీసి తన సర్వర్‌కి పంపిస్తోంది. బ్యాంక్ పేజీ తెరిచినా, ఫొటోలు తెరిచినా అంతే. మొదట్లో బాగానే ఉందట, అప్‌డేట్లలో ఒక్కొక్క పర్మిషనూ పెంచుకుంటూ వచ్చింది. కాబట్టి ముందు ఆ ల్యాప్‌టాప్‌లోది తీయించండి, ఆ బ్రౌజర్‌లో లాగిన్ అయిన ముఖ్యమైన అకౌంట్ల పాస్‌వర్డులు మార్చమనండి, అన్ని డివైజ్‌ల నుంచి లాగౌట్ కూడా కొట్టమనండి.

ఇక అమ్మగారి ఫోన్. లొకేషన్‌కి ఒక సాకు ఉండొచ్చు, వైఫై పేరు చూసి దానంతటదే ఆన్ అయ్యే ఫీచర్ పెట్టినవాళ్లు అది అడుగుతారు. ఫోన్ పర్మిషన్‌కి, మిగతా యాప్‌ల పైన కనిపించడానికి సరైన కారణం నాకైతే తట్టట్లేదు, ఆ యాడ్స్ గోల బహుశా అక్కడి నుంచే. మీరు ఇంకోటి తప్పకుండా చూడాలి, సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ తెరిచి డౌన్‌లోడ్ చేసిన యాప్‌లు అన్న చోట ఈ యాప్ పేరుందా అని. అది ఇచ్చి ఉంటే స్క్రీన్ మీద రాతలు చదవగలదు, మనిషి బదులు బటన్లు నొక్కగలదు, బ్యాంకింగ్ ట్రోజన్లు వాడుకునేది ఎక్కువగా దాన్నే. అది గానీ ఆన్‌లో ఉంటే నేను మొదట అన్న మాట వెనక్కి తీసుకుంటా, అప్పుడు డేటా బ్యాకప్ తీసి రీసెట్ చేయడమే మంచిది, బ్యాంక్ పాస్‌వర్డ్ వేరే ఫోన్ నుంచి మార్చాలి.

లేకపోతే ముందు వీపీఎన్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి, యాప్ పేరు పక్కన గేర్ గుర్తు నొక్కి ఆల్వేస్ ఆన్ ఉంటే ఆపేసి ఫర్గెట్ కొట్టండి, తర్వాత అన్‌ఇన్‌స్టాల్. తాళంచెవి గుర్తు పోవాలి. ఆ తర్వాత సెక్యూరిటీలో ట్రస్టెడ్ క్రెడెన్షియల్స్ అని ఉంటుంది, ఫోన్‌ని బట్టి ఇంకో రెండు మెనూల లోపల దాక్కుని ఉండొచ్చు, అందులో యూజర్ అనే ట్యాబ్ ఖాళీగా ఉండాలి. అక్కడ ఏదైనా తెలియని సర్టిఫికెట్ (ఈ సైట్ అసలుదే అని ఫోన్‌ని నమ్మించే ఫైల్) ఉంటే తీసేయండి, అలాంటిది పెట్టి హెచ్‌టీటీపీఎస్‌ని మధ్యలో విప్పిన వీపీఎన్‌లు ఆ 2016 పేపర్‌లోని 283లో 4 దొరికాయి. ఆండ్రాయిడ్ 7 నుంచి యాప్‌లు మామూలుగా ఇలాంటి సర్టిఫికెట్లని నమ్మవు కాబట్టి బ్యాంక్ యాప్‌కి భయం తక్కువ, బ్రౌజర్ సంగతే వేరు.

---

బిందాస్_బ్రో:

సరే ఒప్పుకున్నా. అన్నీ తీసేశా, డేటా వాడకం చూశాక నాకే నచ్చలేదు. ఇప్పుడు ఏం వాడాలి మరి, నెలనెలా డబ్బులు కట్టే ఓపిక లేదు. డబ్బులు కట్టే వీపీఎన్ అయితే సేఫ్ అని గ్యారంటీ ఏమైనా ఉందా అసలు?

---

ప్యాకెట్_పంతులు:

గ్యారంటీ లేదు, డబ్బు తీసుకుని కూడా లాగ్స్ పెట్టిన కంపెనీలున్నాయి. ఫ్రీ అయినంత మాత్రాన అన్నీ చెడ్డవీ కావు. ఖర్చు ఎవరు పెడుతున్నారో కనిపిస్తే చాలావరకు తేలిపోతుంది. ప్రోటాన్ వీపీఎన్‌కి ఫ్రీ ప్లాన్ ఉంది, డేటా లిమిట్ లేదు, కాకపోతే ఒక్క డివైజే, దేశం మన ఇష్టం వచ్చింది ఎంచుకోలేం, ఖర్చు డబ్బు కట్టే కస్టమర్ల మీద వెళ్తుంది. యాప్ కోడ్ అందరికీ చూడ్డానికి పెట్టారు, బయటివాళ్లతో ఆడిట్ చేయించుకుంటారు. విండ్‌స్క్రైబ్‌లో ఈమెయిల్ ఇస్తే నెలకి 10 జీబీ ఇస్తారు. క్లౌడ్‌ఫ్లేర్ వార్ప్ ఉంది గానీ అది దేశం మార్చి చూపించదు, దానికోసమైతే పనికిరాదు.

అసలు అవసరం ఏంటో ముందు చూసుకో. బయట వైఫైలో ఏ సైట్లు చూస్తున్నావో కొంతైనా తెలియకూడదంటే ఆండ్రాయిడ్ 9 నుంచి ప్రైవేట్ డీఎన్‌ఎస్ అని సెట్టింగ్స్‌లోనే ఉంది, దాంతో డీఎన్‌ఎస్ అయినా ఎన్‌క్రిప్ట్ అవుతుంది, సైట్ పేరు ఇంకో దారిలో బయటపడే వీలు ఉంటుంది అనుకో. సైట్లకి నువ్వెవరో తెలియకూడదంటే టార్ బ్రౌజర్, స్లోగా ఉంటుంది, గేమ్స్ ఆడ్డం కుదరదు. ఇంట్లో రౌటర్ సపోర్ట్ చేస్తే వైర్‌గార్డ్ అనే సొంత వీపీఎన్ పెట్టుకో, బయటి నుంచి ఫోన్ మీ ఇంటి కనెక్షన్ గుండానే వెళ్తుంది, మధ్యలో కొత్తవాడు ఎవడూ ఉండడు. ఒక సాయంత్రం కూర్చుంటే అయిపోయే పని. గేమ్‌లో పింగ్ తగ్గడానికి వీపీఎన్ అంటావా, చాలాసార్లు పెరుగుతుంది.

---

మౌనిక_కె:

అప్‌డేట్. యాక్సెసిబిలిటీలో దాని పేరు లేదు, యూజర్ ట్యాబ్ ఖాళీ, యాప్ తీసేశాక యాడ్స్ కూడా ఆగిపోయాయి. చివరి డౌట్, తమ్ముడికి ఐఫోన్ ఉంది, ఆపిల్ వాళ్లు అన్నీ చెక్ చేస్తారు కాబట్టి నాకేం కాదు అంటున్నాడు.

---

పాత_మోడెమ్:

ఓనావో ప్రొటెక్ట్ కథ చెప్పండి వాడికి. ఫేస్‌బుక్ 2013లో కొన్న కంపెనీది, మీ డేటాని కాపాడతాం అని చెప్పి ఇచ్చిన ఫ్రీ వీపీఎన్, అందులోంచి జనం ఏయే యాప్‌లు ఎంతసేపు వాడుతున్నారో ఫేస్‌బుక్‌కి వెళ్లేది. ఆపిల్ స్టోర్‌లోనే ఉండేది, 2018 ఆగస్టులో ఆపిల్ అభ్యంతరం చెప్పాక తీసేశారు. 2023లో ఆస్ట్రేలియా ఫెడరల్ కోర్టు దీని మీదే మెటా (ఫేస్‌బుక్ కంపెనీ ఇప్పటి పేరు) అనుబంధ కంపెనీలకి మొత్తం 2 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా వేసింది. ఓనావో పోయాక కూడా ఫేస్‌బుక్ రీసెర్చ్ అని ఇంకో యాప్‌ని స్టోర్‌తో పని లేకుండా నేరుగా జనం ఫోన్లలో వేయించి, రూట్ సర్టిఫికెట్ కూడా పెట్టించి, టీనేజ్ పిల్లలకి సైతం నెలకి 20 డాలర్ల దాకా ఇచ్చారు, 2019 జనవరిలో బయటపడింది.

ఐఫోన్‌లో జనరల్‌లో వీపీఎన్ అండ్ డివైజ్ మేనేజ్‌మెంట్ తెరిచి చూడమనండి. ఏ ఆఫీసుదో కాలేజీదో కాని తెలియని ప్రొఫైల్ ఉంటే తీసేయాలి, దాంతో పాటు వచ్చిన సర్టిఫికెట్ కూడా పోతుంది.

---

మౌనిక_కె:

చూద్దామని అడిగితే ఫోన్ ఇవ్వట్లేదు, పాస్‌కోడ్ కూడా మార్చేశాడు హహ. సరే, ఈ థ్రెడ్ లింక్ వాడికే పంపిస్తున్నా.